సింక్ ఒక పని, బ్యాకప్ ఇంకో పని

ఆదివారం రాత్రి

ఇవాళ పగలంతా ఒక్క పనికే సరిపోయింది. ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్‌లో ఫైళ్లు ఒకేలా ఉండటానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, పాత కాపీలు దాచడానికి ఏది వాడాలి అన్నది తేల్చడం. రెండూ ఒకే ప్రోగ్రామ్‌తో అయిపోతే బాగుండుననిపిస్తుంది. కొంప మునిగేది అక్కడే. సింక్ రెండు చోట్లా ఒకేలా ఉంచుతుంది కాబట్టి ఇక్కడ పొరపాటున డిలీట్ చేసింది అక్కడా పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాడుచేసిన ఫైలు కూడా కాసేపట్లోనే రెండో చోటికి చేరుతుంది. బ్యాకప్ అన్నాక పోయిన నెల ఫైలు అడిగితే తీసివ్వాలి.

అందుకే ఏ ప్రోగ్రామ్‌కైనా ముందు ఒక చిన్న పరీక్ష పెట్టాలి. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఓ వాక్యం రాసి రన్ చెయ్యాలి. వాక్యం మార్చి మళ్లీ రన్ చెయ్యాలి. ఫైల్ డిలీట్ చేసి మూడోసారి రన్ చెయ్యాలి. ఇప్పుడు మొదటి వాక్యం వెనక్కి వస్తుందా? రాకపోతే దాని పేరులో బ్యాకప్ అన్న మాట ఉన్నా అది బ్యాకప్ కాదు.

సింక్ పనికి సింక్‌థింగ్ నాకు నచ్చుతుంది. ఫైళ్లు మధ్యలో ఏ సర్వర్‌లోనూ నిలవ ఉండవు, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కే వెళ్తాయి. దానివల్లే ఒక చిక్కు: రెండూ ఒకే సమయంలో ఆన్‌లో లేకపోతే ఏమీ కదలదు. ఫైల్ వెర్షనింగ్, అంటే పాత కాపీలు దాచే సదుపాయం, మొదట ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చెయ్యాలి. అదీ అవతలి మెషీన్ నుంచి వచ్చిన మార్పులకే పాత కాపీ దాస్తుంది, మనం ఇక్కడే చేసిన మార్పుకి దాయదు. కాబట్టి రెండు మెషీన్లలోనూ పెట్టాలి. ఒకే ఫైలును రెండు చోట్లా మారిస్తే ఒకదాని పేరులో సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని చేరుతుంది. ఆ పేరుతో వారానికోసారి వెతకడం మంచిది. తెరిచి ఉన్న డేటాబేస్ ఫైళ్లను మాత్రం ఏ సింక్‌కీ అప్పగించకూడదు, సగం రాసిన స్థితిలో కాపీ అయిపోతాయి.

ఫోల్డర్లను కమాండ్‌తో కాపీ చేసే ఆర్‌సింక్ 1996 నుంచి ఉంది, ఇప్పటికీ గట్టి పనిముట్టు. కానీ సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. సోర్స్‌లో లేనివాటిని గమ్యంలోనూ తీసేసే డిలీట్ ఆప్షన్‌తో కలిపి ఇది తప్పితే గమ్యంలో ఉన్నవి తుడిచిపెట్టుకుపోతాయి. ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే రన్) చేసి, ఏమేం పోతాయో చదివాకే అసలు రన్. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఫైల్ మారిన టైమ్ 2 సెకన్ల మెట్లలో నమోదవుతుంది. దాంతో మారని ఫైళ్లు కూడా మారినట్టు కనిపించి ప్రతిసారీ కాపీ అవుతుంటాయి. ఆర్‌సింక్‌కి మాడిఫై విండో 1 అని, అంటే ఒక సెకను తేడాను పట్టించుకోవద్దని ఇస్తే ఆ బాధ తప్పుతుంది. 4 జీబీకి చేరిన ఫైల్ అందులో ఎలాగూ పట్టదు.

బ్యాకప్‌కి రెస్టిక్ అనే ప్రోగ్రామ్. మొదటిసారి అంతా కాపీ చేస్తుంది, ఆ తర్వాత మారిన ముక్కలే. అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్ పోతే ఎవరూ తెరవలేరు. దాన్ని ఆ కంప్యూటర్‌లోనే దాచడం వృథా, కాగితం మీద రాసి వేరే చోట పెట్టాలి. ఫర్‌గెట్ కమాండ్ పాత స్నాప్‌షాట్లను (ఒక్కో బ్యాకప్ నాటి కాపీలను) తీసేస్తుంది గానీ, ప్రూన్ కూడా నడిపితేనే డిస్క్‌లో చోటు తిరిగొస్తుంది. రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచితే మామూలు వాడకానికి సరిపోతుంది. బ్యాకప్ బాగుందో లేదో చూసే చెక్ కమాండ్ మామూలుగా నడిపితే అసలు డేటాను చదవదు. దాని రీడ్ డేటా సబ్‌సెట్ ఆప్షన్‌కి ఈసారి 1/10 (పదింటిలో మొదటి భాగం), వచ్చేసారి 2/10 ఇస్తూ పోతే పది విడతల్లో మొత్తం చదివిస్తుంది. విండోస్‌లో తెరిచి ఉన్న ఫైళ్లు లాక్ అయి దొరకవు, అందుకు యూజ్ ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ ఆప్షన్‌ను అడ్మిన్‌గా నడపాలి.

బ్యాకప్ డిస్క్‌ను పని కాగానే ఊడదియ్యాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్‌కి అదీ అందుతుంది.

ఇంటికి బయట ఒక కాపీ కావాలంటే ఆన్‌లైన్‌కి పంపాలి. 500 జీబీ, అప్‌లోడ్ సెకనుకి 20 మెగాబిట్లు అనుకుంటే ఏకధాటిగా 55 గంటలకు పైనే. అందుకని ముందు డాక్యుమెంట్లు, తర్వాత ఫొటోలు, వీడియోలు ఆఖర్న. డాక్యుమెంట్ల ఫోల్డర్ ఈ రాత్రే మొదలుపెట్టాను. పొద్దున లేచాక అందులోంచి ఓ పది ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చూడాలి.