ఎఫ్4 నొక్కితే ఏమీ రాలేదు

మాది తెనాలి. పాతికేళ్ల నుంచి డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, అప్పుడప్పుడూ ఎవరో రిటైరైన మాస్టారి కవితా సంపుటి, ఇవే నా పని. ప్రోగ్రామింగ్ రాదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, నలుగురిలో మాట్లాడమంటే నాలుక మడతపడుతుంది. అలాంటివాణ్ని లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ గైడు పుస్తకాల పనిలోకి ఎలా వెళ్లానో చెప్పాలంటే ఒక పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి.

మాఘమాసం. షాపులో ఊపిరాడని సీజను. ఒకాయన పెన్‌డ్రైవ్ తెచ్చి, "ఇందులో ఆరొందల చిల్లర అడ్రసులున్నాయండీ, కవర్ల మీద ప్రింటు కొట్టివ్వాలి, రేపు సాయంత్రానికి" అన్నాడు. అడ్రసులు లిబ్రేఆఫీస్‌లో లెక్కల పట్టికలు చేసే క్యాల్క్ షీటులో ఉన్నాయి. డాక్యుమెంట్లు రాసే రైటర్‌లో మెయిల్ మెర్జ్ పెడితే, అంటే పట్టికలోని అడ్రసులు ఒక్కో కవరు మీద ఒక్కోటి వాటంతటవే పడేలా చేస్తే, గంట పని. ఎప్పుడో ప్రింటు తీసి, లామినేషన్ చేసి గోడకి తగిలించుకున్న కాగితం ఒకటుంది. అందులో మొదటి మెట్టు: ఎఫ్4 నొక్కితే డేటా సోర్సులు తెరుచుకుంటాయి. నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. పక్క సిస్టమ్ కీబోర్డు పీకి తెచ్చి, అది పెట్టి కూడా నొక్కాను.

ఇక లాభం లేదని వ్యూ మెనూ తెరిచి ఒక్కో వరసా చదువుకుంటూ పోతే, డేటా సోర్సెస్ అని కనిపించింది. దాని పక్కన కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్4 అని ఉంది. మధ్యలో ఏదో వెర్షన్‌లో కీ మారిందన్నమాట. కాగితాన్ని అనడానికి లేదు, అది రాసిన రోజున ఎఫ్4 సరైనదే. ఆరు నెలలకో కొత్త వెర్షన్ వచ్చే సాఫ్ట్‌వేర్‌కి లామినేషన్ చేయించడం నా తెలివి.

కవర్లు ఇచ్చేశాక, పాత కాగితానికి బదులు కొత్తది దొరుకుతుందేమోనని వెతికితే ఏకంగా పుస్తకాలే కనిపించాయి. రైటర్‌కి ఒకటి, క్యాల్క్‌కి ఒకటి, ఇంప్రెస్, డ్రా, మ్యాథ్, బేస్ ఒక్కోదానికి ఒక్కోటి, అన్నిటికీ ముందు చదువుకోవడానికి గెటింగ్ స్టార్టెడ్ గైడ్. అన్నీ ఉచితం. మేం అచ్చు పనివాళ్లం కదా, ఏ పుస్తకం తెరిచినా ముందు చూసేది ముద్రణ వివరాల పేజీనే. అక్కడ రెండు లైసెన్సులున్నాయి, జీపీఎల్ 3 గానీ, క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 గానీ, మనిష్టం. అంటే ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముకున్నా తప్పు లేదు, రాసినవాళ్ల పేర్లు మాత్రం తీసేయకూడదు. ఆ పేర్లు కిందే ఉన్నాయి, రెండు వరసల్లో. ఈ ఎడిషన్‌కి పనిచేసినవాళ్లు, వెనకటి ఎడిషన్లకి పనిచేసినవాళ్లు.

వెనకటివాళ్ల వరస ఎందుకంత పొడుగో తర్వాత తెలిసింది. ఈ సాఫ్ట్‌వేర్‌ది పెద్ద వంశం. జర్మనీలో స్టార్ఆఫీస్‌గా పుట్టింది, 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది, 2000లో ఓపెన్ఆఫీస్ పేరుతో సోర్స్ కోడ్ బయటపెట్టింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 28న వాలంటీర్లు వేరుపడి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. దాన్ని చూసుకునే ది డాక్యుమెంట్ ఫౌండేషన్ బెర్లిన్‌లో ఉంది. గైడ్లలో చాలా భాగం ఓపెన్ఆఫీస్ రోజుల నుంచీ చేతులు మారుతూ వచ్చినవే. బేస్ పుస్తకమైతే ముందు జర్మన్‌లో రాసి తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆస్ట్రేలియాకి చెందిన జీన్ హాలిస్ వెబర్ గారి పేరు ఎన్ని పుస్తకాల్లో చూశానో లెక్కలేదు.

సలహాలుంటే పంపమని ఆ పేజీలోనే ఉంది. మెయిల్ మెర్జ్ అధ్యాయం గురించి రెండు ముక్కలు రాసి పంపాను. ఎవరో చదివి ఊరుకుంటారనుకున్నాను. మర్నాటికే జవాబొచ్చింది, "బాగుంది, ఆ అధ్యాయం మొత్తం మీరే రివ్యూ చేయగలరా?" అని. అడిగినవాళ్లకి నా చదువేంటో, నా ఇంగ్లీషేంటో తెలియదు, అడగనూ లేదు. అకౌంటు ఇచ్చారు, కొత్తవాళ్ల కోసం రాసిన గైడు ఇచ్చారు, అధ్యాయం ఫైలు ఇచ్చారు.

ఒక్కో అధ్యాయం ఒక్కో ఓడీటీ ఫైలు, అంటే రైటర్ డాక్యుమెంటు. రైటర్ గురించిన పుస్తకం రైటర్‌లోనే తయారవుతుంది. అందరికీ కలిపి ఒకటే టెంప్లేట్. అధ్యాయాలన్నీ అయ్యాక మాస్టర్ డాక్యుమెంటుతో కలిపి పుస్తకం కడతారు. ఇదంతా నాకు తెలిసిన పనే అనుకుని ధైర్యంగా దిగాను.

దిగిన మొదటి రాత్రే రెండు తప్పులు చేశాను. ఒకటి, పాతికేళ్ల అలవాటు. పేరా కిందికి జరగాలంటే ఎంటర్ రెండుసార్లు కొట్టడం, హెడ్డింగ్ కావాలంటే సైజు పెంచి బోల్డ్ చేయడం. షాపులో అలాగే చేస్తాం, కాగితం మీద బాగుంటే చాలు. ఇక్కడ అలా కుదరదు. ప్రతిదానికీ స్టైల్ ఉంటుంది, అంటే ఫాంటు, సైజు, ఖాళీ అన్నీ కలిపి ఒక పేరు కింద ముందే పెట్టిన అమరిక. ఎఫ్11 నొక్కి పేన్ తెరుచుకుని అందులోంచే వేయాలి. నేను చేతితో పెట్టినదంతా సెలెక్ట్ చేసి, కంట్రోల్ + ఎమ్ కొట్టి తుడిచేసి, మళ్లీ స్టైళ్లు వేసుకుంటూ రావాల్సొచ్చింది. కంట్రోల్ + ఎఫ్10 కొడితే ఎంటర్ గుర్తులన్నీ బయటపడతాయి. నా పేజీ నిండా అవే.

రెండోది ఇంకా ఘోరం. రెండు రాత్రులు కూర్చుని అధ్యాయం అంతా సరిచేసి పంపాను. చూసినావిడ చాలా మర్యాదగా అడిగింది, "మార్పుల్ని రికార్డు చేశారా? నాకేమీ కనిపించడం లేదు" అని. ఎడిట్ మెనూలో ట్రాక్ చేంజెస్, అందులో రికార్డ్. కంట్రోల్ + షిఫ్ట్ + సి. అది ఆన్ చేయకుండానే మొత్తం మార్చేశాను. ఏ వాక్యం పాతది, ఏది నేను ముట్టుకున్నది, చెప్పలేని పరిస్థితి. తల పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ మొదటి నుంచీ చేస్తానని రాశాను. "అక్కర్లేదు, ట్రాక్ చేంజెస్‌లోనే కంపేర్ డాక్యుమెంట్ అని ఉంది, పాత ఫైలుతో పోల్చి చూడండి" అంది. పోల్చాను. తీసేసినవి గీత కొట్టి, కలిపినవి రంగుతో, వరసగా తేలాయి. పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దే మనిషిని, ఇలాంటిదొకటి ఉందని ఆ రోజే తెలుసుకున్నాను. ఇప్పుడు కవిగారి సంపుటి "కొంచెం మార్చాను" అంటూ మూడోసారి వచ్చినా నాకు టెన్షన్ లేదు.

ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాలి. నేను ప్రతి మెట్టుకీ ముందు ప్లీజ్ పెట్టాను, గౌరవంగా ఉంటుందని. అన్నీ తీసేశారు. ఈ మెనూకి వెళ్లండి, ఇది నొక్కండి, అంతే. మొదట మనసు చివుక్కుమంది గానీ, మళ్లీ చదివితే వాళ్లదే బాగుంది. చిన్న వాక్యాలు రాయమంటే నాకు హాయి. పెద్దవి ఎలాగూ రావు.

అసలు పని మాత్రం మా షాపులో అమ్మాయి వల్ల జరిగింది. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వచ్చి పనిచేస్తుంది. మెయిల్ మెర్జ్ ఎప్పుడూ చేయలేదు. నేను దిద్దిన అధ్యాయం ప్రింటు తీసి చేతికిచ్చి, "ఇందులో ఏం రాసుంటే అదే చెయ్యి, నన్ను అడగొద్దు" అని పక్కన కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఫైల్ మెనూ, విజార్డ్స్, అడ్రస్ డేటా సోర్స్. బాగానే వెళ్లింది. షీటు ఎక్కడుందో చూపించింది, కనెక్షన్ సరిగ్గా ఉందని స్క్రీన్ మీద వచ్చింది, పేరు పెట్టి ముగించింది. డేటా సోర్సులు తెరిచింది. అడ్రసులు పైన గళ్లలో వచ్చాయి. ఇప్పుడు పేరుని లాగి కవరు మీద వదలాలి. తను మొదటి వరసలో ఉన్న మనిషి పేరుని పట్టుకుని లాగింది. ఫీల్డ్ రాలేదు, అంటే ఒక్కో కవరుకీ ఒక్కో పేరు వచ్చి పడే చోటు. మళ్లీ లాగింది. "అన్నా, లాగమన్నారు, లాగుతున్నా." నేను రాసిన వాక్యం చూశాను. 'పేరు కాలమ్‌ని లాగండి' అన్నట్టుగా ఉంది. గళ్ల పైన ఉండే హెడ్డింగుని పట్టుకోవాలని నాకు తెలుసు, కాబట్టి చదివినప్పుడల్లా అలాగే వినిపించింది. తెలియని మనిషికి మొదట కంటికి ఆనేది మనిషి పేరే కదా. కాలమ్ హెడ్డింగుని అని మార్చాను.

తర్వాత ప్రింటు ఇచ్చింది. ఒక పెట్టె వచ్చి, ఇందులో అడ్రసు ఫీల్డులున్నాయి, ఫామ్ లెటర్‌గా ప్రింటు చేయాలా అని అడుగుతుంది. అమ్మాయి నో నొక్కేసింది. "మనం కొట్టేది కవర్లు కదన్నా, లెటర్ కాదుగా" అంది. ఒకే ఒక్క కవరు వచ్చింది. నిజమే, కవర్లు కొట్టేవాళ్లకి లెటర్ అంటే ఏం అర్థమవుతుంది? అక్కడ ఒక వాక్యం చేర్చాను, కవర్లయినా లేబుళ్లయినా యెస్ అనే నొక్కాలి అని.

ఇంకొకటి నా అనుభవంలోంచి చేర్చింది. పార్టీలు అడ్రసులు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. షీటుని అందులోంచే రిజిస్టర్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చేస్తే అంతే సంగతులు. లిబ్రేఆఫీస్ ఆ షీటుని దాచుకోదు, ఎక్కడుందో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత రిజిస్టర్ చేయండి, తర్వాత అక్కణ్నుంచి కదపకండి అని ఒక నోట్ రాశాను. జాబ్ వర్క్ చేసేవాడికి తప్ప తట్టని మాట అది. నా మార్పుల్లో ఒక్క అక్షరం కూడా మారకుండా నిలబడింది ఆ నోట్ ఒక్కటే.

బొమ్మల దగ్గర చిన్న గండం తప్పింది. స్క్రీన్‌షాట్లు తీసి, వరస నంబర్లు వేసి, పంపేముందు ఎందుకో దగ్గరగా చూశాను. ఆ పెళ్లివారి బంధువుల అడ్రసులు, ఫోన్ నంబర్లతో సహా. గుండె ఆగినంత పనైంది. ప్రపంచమంతా చదివే పుస్తకంలో వాళ్ల మేనమామ ఇంటి నంబరు! అప్పటికప్పుడు ఉత్తుత్తి పేర్లతో ఒక షీటు చేసుకుని మళ్లీ తీశాను.

ఆ బొమ్మల్లోనే ఇంకో తేడా బయటపడింది. నా స్క్రీన్ మీద ఫాంటు పెట్టెలో రెండు భాగాలున్నాయి, వాళ్లందరి దగ్గరా ఒకటే. కారణం తెలుగు. ఆప్షన్స్‌లో భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అని ఒక టిక్ ఉంటుంది. నేనది ఎప్పుడో పెట్టేశాను. పెడితే మన లిపికి ఫాంటు, సైజు వేరేగా పెట్టుకునే చోటు కనిపిస్తుంది. లేకపోతే స్టైల్‌లో పద్నాలుగుకి పెంచామనుకుంటాం, ఇంగ్లీషు అక్షరాలు పెరుగుతాయి, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. పోతన ఫాంటు పెట్టినా పట్టడం లేదని నా దగ్గరికొచ్చి గొడవపడ్డవాళ్లున్నారు. ఆన్‌లైన్ మీటింగులో ఈ సంగతి చెప్పాల్సొచ్చింది. బ్రెజిల్ నుంచి, యూరప్ నుంచి మనుషులు, వాళ్లకి మధ్యాహ్నాలు, నాకు రాత్రి షట్టరు దించే వేళ. మాట్లాడటం కంటే చూపించడం నయమని స్క్రీన్ షేర్ చేసి, 'తెనాలి' అని తెలుగులో, పక్కనే ఇంగ్లీషులో కొట్టి, స్టైల్‌లో సైజు మార్చాను. ఒకటి పెరిగింది, ఒకటి పెరగలేదు. ఒక్క మాట కూడా వివరించనక్కర్లేకపోయింది. సెట్టింగుల అధ్యాయంలో ఆ టిక్ గురించి ఇప్పటికే ఉంది కాబట్టి, మనదాంట్లో ఒక్క లైను పెట్టి అక్కడికి దారి చూపిద్దాం అన్నారు. సరే అన్నాను. నాకైతే బొమ్మతో సహా అరపేజీ ఉండాలని ఉంది, ఆ పోరు ఇంకా వదల్లేదు.

తెలుగులో ఎందుకు రాయవు అని మా బావమరిది అడుగుతుంటాడు. ఒక అధ్యాయం మొదలుపెట్టాను. ఫీల్డ్ దగ్గరే ఆగిపోయింది. క్షేత్రం అని రాస్తే తిరుపతి గుర్తొస్తుంది, పొలం అనలేం. ఫీల్డ్ అనే ఉంచేస్తే చదివేవాడికి ఏ బాధా లేదు, రాసేవాడికే ఏదో వెలితి. ప్రస్తుతానికి ఫీల్డ్ అనే ఉంచాను.

అధ్యాయం బయటికొచ్చిన రోజు ముద్రణ వివరాల పేజీ తెరిచి, ఈ ఎడిషన్ వరసలో నా పేరు చూసుకున్నాను. ప్రింటు తీసి షాపులో పెడితే మా ఆవిడ చూసి, "ఎంతిచ్చారు?" అంది. ఏమీ ఇవ్వరని చెప్పాను. "మరి ఆ కరెంటు బిల్లు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మాయి మాత్రం ఆ పేజీ చాలాసేపు చూసింది. తర్వాతి ఎడిషన్ పని మొదలైనప్పుడు నేనే అడిగాను, చేసి చూసిన మనిషి పేరు కూడా పెట్టొచ్చా అని. తప్పకుండా, పేరు ఎలా వేయాలో రాయండి అన్నారు. షాపుకి రాగానే అడిగాను. "ఇంటిపేరు ముందా, వెనకా అన్నా?" అంది. నీ ఇష్టం అన్నాను. రెండు రకాలుగా కొట్టి చూసుకుంది. మూడోసారి పొడి అక్షరంతో కొట్టింది. చివరికి బ్యాగులోంచి ఆధార్ కార్డు తీసి, అందులో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరు ముందు పెట్టి టైపు చేసింది. అప్పుడు కూడా కంట్రోల్ + షిఫ్ట్ + సి నొక్కాకే.