నల్ల మంచు, తెల్ల మంచు

జనవరి రెండో వారం. చీకటి ఉండగానే అమెరికాలోని మినియాపొలిస్‌లో బయల్దేరితే మిల్ లాక్స్ సరస్సు చేరేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి నన్నూ బావనూ తీసుకెళ్లింది బావ వాళ్ల పక్కింటి పెద్దాయన. చలికాలం వస్తే మంచు మీదే కాపురం పెట్టే మనిషి. బయట మైనస్ 18 డిగ్రీలు. కాసేపటికే నా కనురెప్పలకు తెల్లటి నూగు పట్టింది.

సరస్సు అన్న మాటే గానీ అవతలి ఒడ్డు కనబడదు. విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్లకు పైనే. ఆ తెల్లటి మైదానం మీద దూరంగా చేపలు పట్టేవాళ్ల గుడిసెలు, పక్కనే పికప్ ట్రక్కులు! ట్రక్కులనే మోస్తున్నది నన్ను మోయదా అని గబగబా దిగబోయాను. పెద్దాయన వెనకనుంచి కోటు పట్టుకుని ఆపారు. "వాళ్ల కింద ఎంత మందం ఉందో వాళ్లు చూసుకున్నారు. నీ కింద ఎంతుందో చూశావా?"

ముందు మెడలో ఓ తాడు వేశారు. దాని రెండు కొసలకూ చెక్క పిడులు, పిడులకు పదునైన మేకులు. పైన లైఫ్ జాకెట్, బూట్ల కింద ముళ్ల పట్టీలు. చేతిలో మన గునపం లాంటిది పట్టుకుని ఆయన ముందు, మేం కొంత ఎడంగా వెనక. అడుగు వేసే ముందు గట్టిగా ఓ పోటు. ఒక్క పోటుకే నీళ్లు పైకొస్తే వచ్చిన దారినే వెనక్కి. కాస్త దూరానికోసారి ఆగర్‌తో, అంటే మంచును తొలిచే పెద్ద బర్మాతో, రంధ్రం వేసి, కొక్కెం ఉన్న స్కేలు దించి మందం కొలిచేవారు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు ఉండాలి, చిన్న కారుకైతే 9, 10. మాకు 11 వచ్చింది.

కొంచెం పోయాక గాలికి మంచుపొడి ఎగిరిపోయిన చోట నల్లగా అద్దంలా మెరుస్తూ ఓ పెద్ద మడుగు. నీళ్లేనని నా గుండె జారింది. పక్కకు తప్పుకుని పాలలా తెల్లగా ఉన్న చోట నిలబడి హమ్మయ్య అనుకున్నాను. పెద్దాయన నవ్వారు. సంగతి తారుమారట. తేటగా ఉండి, కింది నీటి నలుపు కనిపించే మంచే గట్టిది. తెల్లది మంచుపొడి తడిసి గడ్డకట్టింది, లోపలంతా గాలిబుడగలు. దాని బలం సగమే కాబట్టి మందం రెండింతలు ఉండాలి. బూడిద రంగుకు తిరిగిందంటే నీరు పట్టిందన్నమాట, దాని జోలికే పోకూడదు. పైన మంచుపొడి దుప్పటిలా కప్పితే కింది నీళ్లు గడ్డకట్టడమే ఆలస్యమవుతుంది. వాగులు కలిసే చోట, అడుగున ఊటలున్న చోట ఎంత చలికాలమైనా పలచగానే ఉంటుంది.

ఇంతలో కాళ్ల కింద ఢామ్మని పేలింది. ఆ మోత దూరంగా సాగిపోయి "వూం" అని ఆగింది. నేను బావ చెయ్యి పట్టేసుకున్నాను. పెద్దాయన తల కూడా తిప్పలేదు. చలి హెచ్చుతగ్గులకు మంచు సాగుతూ, ముడుచుకుంటూ చేసే చప్పుడట. అయినా సరే, పేలినప్పుడల్లా నా టెన్షన్ నాదే.

గాలాలు వేసే ముందు మా ఇద్దర్నీ బోర్లా పడుకోబెట్టారు. మంచు విరిగి నీళ్లలో పడితే ఏం చేయాలో చేసి చూపాలట. మొదటి నిమిషం ఈదకూడదు, ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత పది నిమిషాల వరకే చేతులు మాట వింటాయి. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు, కాబట్టి కంగారు పడొద్దు. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే మనల్ని అంతదాకా మోసింది అదే. కాళ్లు టపటపా కొడుతూ, మేకులు మంచులో దిగేసి, శరీరాన్ని పైకి ఈడ్చుకోవాలి. పైకొచ్చాక లేవకుండా దొర్లుకుంటూ పోవాలి. నేను పొడి మంచు మీద నాలుగడుగులు ఈడ్చుకునేసరికే రొప్పొచ్చింది. "లేవయ్యా బామ్మర్దీ, చేపలు నవ్వుతున్నాయి" అన్నాడు బావ.

ఎనిమిది అంగుళాల రంధ్రం, చిల్లుల గరిటెతో ముక్కలు తోడడం, గాలం దించి కూర్చోవడం. గుడారంలో హీటర్ వెలిగించినా పై కిటికీ తెరిచే ఉంచారు, గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించారు. చలికి భయపడి అన్నీ మూసేసుకుంటే ఆ వాసన లేని గాలి నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మధ్యాహ్నం ఫొటో తీద్దామని ఫోన్ చూసుకుంటూ గుడారం వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో, ఎడమ కాలు మోకాలి దాకా దిగబడింది. ఎవరో వేసి వదిలేసిన పాత రంధ్రం. పైన పలచటి పొర, దాని మీద మంచుపొడి. బూటు నిండా నీళ్లు. బావ లాగి గుడారంలో పడేశాడు. పెద్దాయన మేజోడు పిండి, సంచిలోంచి పొడి జత తీసిచ్చారు. ఆ జత ఆయన రోజూ తెచ్చుకుంటారట.

ఆ రోజు మాకు దొరికింది ఒకే ఒక వాలై చేప, అదీ బావ గాలానికి. సర్దుకునేటప్పుడు ఒడ్డు నుంచి తెచ్చిన ఎండుపుల్లలు నాకిచ్చారు పెద్దాయన. మేం వేసిన రంధ్రాలు ఆరు. కుంటుకుంటూ తిరిగి ఒక్కోదాని దగ్గర ఒక్కో పుల్ల గుచ్చాను.