బ్యాండుసెట్టుకు ఆఖరి బంతి

నిద్ర పట్టడం లేదు. కారణం మా బావగారే అని మళ్ళీ చెప్పనక్కర్లేదు. పెండ్లి బాగానే జరిగింది, పిల్ల ముచ్చటగా ఉంది, రసం ఒక్కటే పలచబడింది. ఆ సంగతులు ఇంకోసారి.

ఎదురుకోలుకి బ్యాండుసెట్టును పిలిచారు. వీధి చివర వినాయకుడి గుడి నుంచి మండపం గేటు దాకా, అంతే. గేటు దగ్గరికి రాగానే కేరళ చెండ మేళం కుర్రాళ్ళు అందుకున్నారు. పైన డ్రోను, పక్కన పొగ వదిలే మిషను. బ్యాండువాళ్ళను జనరేటర్ పక్కకు పొమ్మన్నారు. అసలే తిరుపతి ఉక్క, దానికి తోడు మెడ దాకా గుండీలున్న ఎర్ర కోట్లు. మూడు బంతులు లేచాక గానీ వాళ్ళకు ఆకులు వెయ్యలేదు. తీరా లెక్క తేల్చేటప్పుడు బావగారు మాట్లాడుకున్న దాంట్లో వెయ్యి కోసేశారు. "అరగంట కూడా ఊదలేదు కదబ్బా, ఇంకేం?" అని. ఊదనిచ్చిందెవరు? గేటు దగ్గర ఆపమన్నదెవరు? చెండ మేళానికి మాత్రం డబ్బు ముందే ఫోన్‌పేలో పోయింది. వాళ్ళు ఏజెంటు ద్వారా వచ్చారు కాబట్టి బేరం కుదరదట. పక్క వీధి వాడితో అయితే కుదురుతుంది మరి!

క్లారినెట్ ఆయన ఒక్క మాట అనలేదు. నోట్లు మడిచి లోపలి జేబులో పెట్టుకుని, టోపీ చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఎక్కువ మండింది అందుకే. నాలుగు తిట్టి ఉంటే హాయిగా పడుకునేదాన్ని.

మా పుట్టింటి వీధి బ్యాండుసెట్టు గురించి ఎప్పుడైనా రాశానా? అది ఒకరి సొత్తు కాదు, వీధివాళ్ళంతా కూడి పెట్టుకున్నది. వాయిద్యాలు ఉమ్మడి. వచ్చిన డబ్బులో మరమ్మతులకని కొంత పక్కన పెట్టి మిగతాది పంచుకునేవాళ్ళు. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ఒకాయన సున్నం కొట్టడానికి, ఇంకొకాయన రిక్షా తొక్కడానికి. సాయంత్రమైతే రేకుల షెడ్డులో ప్రాక్టీసు. మా అమ్మ వద్దన్నా నేను అక్కడే.

ట్రంపెట్ తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీటలు నొక్కనిచ్చేవాడు. "మధ్యది నొక్కితే అర స్వరం దిగుతుంది పాపా, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. గాలి పోయే దోవ పొడుగవుతుంది, అంతే." ఆ మూడింటితోనే అన్ని స్వరాలూ. ఆ మీటలు 1810ల్లో జర్మనీలో పుట్టాయని, అంతకుముందు బూరలో ఏవో కొన్ని స్వరాలే పలికేవని చాలా ఏళ్ళకు చదివాను. అప్పుడు నాకు ఆసక్తంతా కింద ఉండే చిన్న నీళ్ళ మీట మీద. పాటకూ పాటకూ మధ్య అది తెరిచి ఉఫ్ అని ఊదితే లోపలి తడి చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది. ఛీ అని పరిగెత్తేవాళ్ళం, మళ్ళీ వచ్చేవాళ్ళం. గరాటు మీద మీరట్ అని చెక్కి ఉండేది. అదెక్కడుంది తాతా అంటే "ఢిల్లీ అవతల" అని చెయ్యి ఊపేవాడు. ఆ ఊళ్ళో జలీ కోఠీ అనే చోట ఇప్పటికీ బ్యాండు వాయిద్యాలు చేసి దేశమంతా పంపుతున్నారు.

ఇక్కడ "కేరళ మేళం మనదా, మన సంప్రదాయమా" అని ఓ పేరా ఆవేశంగా రాసి, కొట్టేశాను. మా తాత గుర్తొచ్చాడు. అమ్మ పెండ్లికి బ్యాండు పెడదామన్నందుకు మా మామతో వారం మాట్లాడలేదట ఆయన. నాదస్వరం, డోలు ఉండగా దొరల పటాలం బూరలు మనకెందుకని. నిజమే, కుంపిణీ పటాలాలతో వచ్చినవే కదా ఇవి. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ (1775–1835) మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఆ బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృతంలో మాటలు కట్టారు, నోట్టుస్వర సాహిత్యం అంటారు వాటిని. ఇంగ్లీషు రాజుగారి పాట "గాడ్ సేవ్ ద కింగ్" వరసలో నన్ను కాపాడమ్మా అని శ్యామలాదేవిని వేడుకున్నారు! ఆయన మొదటి కృతి తిరుత్తణిలో పుట్టిందంటారు. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాదే.

ఇవాళ బ్యాండువాళ్ళు గుడి దగ్గర ఎత్తుకున్నది కూడా దీక్షితార్‌దే, వాతాపి గణపతిం. హంసధ్వని రాగంలో ఐదే స్వరాలు, ట్రంపెట్‌కు సులువుగా లొంగుతుంది. చరణం దగ్గర క్లారినెట్ ఆయన కళ్ళు మూసుకున్నాడు. బాగుంది. చాలా బాగుంది.

అయితే మేళాలు మారడం మీద నాకు గొడవేం లేనట్టే. చెండ కుర్రాళ్ళు మాత్రం ఏం చేశారు పాపం, వాళ్ళూ ఆఖరి బంతిలోనే తిన్నారు. చేతి వేళ్ళకు చుట్టుకున్న టేపు విప్పుకుంటూ, బ్యాండువాళ్ళ పక్కనే. వాళ్ళకు చేరేదెంతో, ఏజెంటుకు పోయేదెంతో.

ఇప్పుడే మా తోడికోడలు డ్రోన్ వీడియో పంపింది. ఎర్ర కోట్లు వరసగా కనిపిస్తున్నాయి, ట్రంపెట్ ఊదేవాళ్ళ బుగ్గలు ఉబ్బుతున్నాయి, వినిపించేది మాత్రం ఏదో కొత్త సినిమా పాట. ఎడిటింగ్‌లో వేశారట. "సూపర్‌గా ఉంది కదా" అని కింద మెసేజి.

రేపు పొద్దున బావగారు మిగిలిన సామాన్ల కోసం వస్తారు. ఆ వెయ్యి సంగతి అడగాలి. ఈయన వద్దంటున్నారు. ఎప్పుడు సరే అన్నారు గనక.