జోరీగలు దోమల మందుకు ఎందుకు లొంగవు?

దోమ చాలావరకు వాసన పట్టుకుని వస్తుంది. జోరీగ మాత్రం ఎక్కువగా కంటితో వెతుక్కుంటుంది. అందుకే ఒళ్లంతా దోమల మందు పూసుకున్నా దద్దుర్లు తప్పవు.

పట్టపగలు ఎండలో కదులుతున్న ముదురు రంగు కనిపిస్తే జోరీగ వచ్చి వాలుతుంది. కాబట్టి మందు కంటే ముందు చూసుకోవాల్సినవి బట్టలు. నలుపు, ముదురు నీలం మానేసి తెలుపో, లేత రంగులో వేసుకోండి. ఒంటికి అతుక్కున్న టీషర్టు మీంచి కూడా కుట్టేస్తుంది, వదులుగా ఉన్న దళసరి చొక్కా మీంచి కష్టం. దోమలా సన్నటి సూది గుచ్చడం కాదు, ఆడ జోరీగ చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. అంత నొప్పి అందుకే.

చిన్న నల్ల ఈగలది మరో దారి. పారే నీళ్లలో పెరుగుతాయి కాబట్టి వాగు ఒడ్డున గుడారం వేయకండి. ఇవీ పగలే కుడతాయి, పాకుతూ కాలరులోకి, చెవుల వెనక్కి, జుట్టు మొదళ్లలోకి దూరతాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. ఇసుక ఈగలు పొద్దుగూకాక మొదలెడతాయి. పొడవు 2–3 మిల్లీమీటర్లే కనుక మామూలు దోమతెర కన్నాల్లోంచి వచ్చేస్తాయి, మరింత సన్నటి అల్లిక కావాలి. ఎగిరే బలం తక్కువ, ఫ్యాను గాలికే చెదిరిపోతాయి.

ఇక మందు. కీటకాలను దరిచేరనివ్వని రసాయనాలైన డీట్ 20–30 శాతం, లేదా పికారిడిన్ 20 శాతం ఉన్నది తీసుకోండి. సన్‌స్క్రీన్ ముందు రాసి, అది ఇంకాక దీన్ని రాయాలి. చాలామంది చీలమండలు, మెడ వెనక, చెవి అంచులు వదిలేస్తారు, ఈగలు సరిగ్గా అక్కడే కుడతాయి. చెమట పడితే మళ్లీ రాయాలి. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లజోడు, వాచీ జాగ్రత్త. 2 నెలల లోపు పిల్లలకు ఏ మందూ వద్దు, ఉయ్యాలకు తెర కట్టండి.

పెర్మెత్రిన్ అనే పురుగుమందు (0.5 శాతం) బట్టలకు మాత్రమే, ఒంటికి ఎప్పుడూ కాదు. ఆరుబయట చల్లి, పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు అది విషం, దగ్గరికి రానివ్వకండి.

కుట్టిన చోట సబ్బు నీళ్లతో కడిగి, 10 నిమిషాలు చల్లటి గుడ్డ పెట్టండి. గోకితే చీము పడుతుంది. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.