రాత్రి రెండు గంటల దగ్గు

పగలంతా బాగానే ఉండేవాణ్ణి. రాత్రి ఒంటిగంట దాటాక మొదలయ్యేది. తెరలు తెరలుగా, ఊపిరి తీసుకోనివ్వని పొడి దగ్గు. రెండు గంటలకల్లా మంచం మీద లేచి కూర్చుని, మోకాళ్ళ మీద తల ఆనించి తెల్లవారే వరకు గడిపేవాణ్ణి. నా ఛాతీలో పిల్లికూతలు పక్క గదిలోకి వినబడేవని నా భార్య చెప్పేది.

అది 2012 చలికాలం. నాకు 34 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర ఒక రైసు మిల్లులో గుమాస్తాను. మిల్లంటేనే ఊక, తవుడు, దుమ్ము. అందుకని అందరూ దుమ్మునే తప్పుపట్టారు. నేనూ అదే నమ్మి ముక్కుకు తువ్వాలు కట్టుకుని లెక్కలు రాశాను. మొదట చూసిన డాక్టరు ఆస్తమా అన్నారు, ఇన్హేలరు రాశారు. రెండు నెలలు వాడాను. కాస్త తెరిపినిచ్చేది, మళ్ళీ మామూలే. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. 57 కిలోల మనిషిని 51కి దిగాను.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు కనబడ్డాయి. రెండో డాక్టరు టీబీ కావచ్చన్నారు. ఆ రాత్రే మా మూడేళ్ళ పాపను, నా భార్యను మామ్మ గదిలో పడుకోమని పంపించాను. తలుపు అవతల పాప నన్ను పిలిచి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. దగ్గు కంటే ఆ ఏడుపే నన్ను ఎక్కువ కుంగదీసింది. కఫం పరీక్షలో క్రిములు లేవు. అయినా టీబీ మందులు మొదలుపెడదామన్నారు. ఒక్క మాత్ర వేసుకోకముందే కాకినాడలో ఛాతీ డాక్టరుకు చూపించుకుని రమ్మని మా మిల్లు యజమాని పట్టుబట్టి పంపించారు.

ఆవిడ పెద్ద వయసు డాక్టరు. ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే రెండు ప్రశ్నలు అడిగారు: దగ్గు ఏ వేళప్పుడు వస్తుంది, మీది ఏ ఊరు. తరవాత రక్తపరీక్ష రాశారు. తెల్ల రక్తకణాలు 16,000. వాటిలో ఈసినోఫిల్స్ 45 శాతం, అంటే ఘనపు మిల్లీమీటరుకు 7,200. ఇవి 500 లోపే ఉండాలి.

మా వైపు ‘ఈస్నోఫీలియా’ అనే మాట వినని ఇల్లు లేదు. నాలుగు తుమ్ములు వచ్చినా అదే పేరు. ఇంతేనా అనుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి, “ఇది మీరు అనుకునేది కాదండీ. మీ ఒంట్లోకి బోదకాలు పురుగు చేరింది. దాని పిల్లల్ని చంపబోయి మీ ఒళ్ళు తెచ్చుకున్న దగ్గు ఇది” అన్నారు.

బోదకాలు నాకు తెలియనిది కాదు. మా మామ్మకు ఎడమ కాలు మోకాలి దాకా వాచి ఉంటుంది. ఎవరైనా వస్తే చీర కుచ్చిళ్ళు లాగి కప్పుకుంటుంది. కానీ నా కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ఒకే పురుగు ఆమెకు కాలు వాచేలా, నాకు దగ్గు వచ్చేలా ఎలా చేస్తుందని అడిగాను. ఆవిడ మందుల చీటీ వెనక పెన్నుతో బొమ్మ వేశారు.

పెద్ద పురుగులు దారప్పోగుల్లా ఉండి శోషరస నాళాల్లో, అంటే ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో, ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఆ నాళాలు పాడైతే నీరు నిలిచి కాలు వాస్తుంది. వాటి పిల్లలు రక్తంలో తిరుగుతాయి. వాటిని మనిషి నుంచి మనిషికి మోసే, మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది కనుక, అవి కూడా రాత్రే చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి వస్తాయి. పగలు ఊపిరితిత్తుల నాళాల్లో తలదాచుకుంటాయి. మామూలు సూక్ష్మక్రిమి అయితే తెల్లకణం దాన్ని మింగేస్తుంది. ఈ పిల్ల పురుగు ఈసినోఫిల్ కణం కంటే ఇరవై రెట్లు పొడవు. మింగే దారి లేదు. అందుకని శరీరం వేరే పద్ధతి పట్టింది. టీ కణాలనే రక్షణ కణాల్లో ఒక జట్టు ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేతం పంపితే, ఎముక మజ్జ ఈసినోఫిల్స్‌ను గుంపులు గుంపులుగా తయారుచేస్తుంది. ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పురుగు ఒంటికి అంటుకుంటాయి. ఈ కణాలు వాటిని పట్టుకుని పురుగు చుట్టూ చేరి, తమలోని విషపు గుళికలను బయటికి కుమ్మరిస్తాయి. ఐజీఈ అనే మరో ప్రతిరక్షకం మాస్ట్ కణాలనే మరో రకం రక్షణ కణాలను రెచ్చగొడుతుంది. అవి వదిలే రసాయనాలకు శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అదే పిల్లికూత.

పురుగు చస్తుంది. కానీ ఆ విషం పక్కనున్న ఊపిరితిత్తికీ తగులుతుంది. ఇంట్లో దూరిన పామును కొట్టబోయి కుండలన్నీ పగలగొట్టుకున్నట్టు.

రాత్రి పది గంటలకు తీసిన నా రక్తంలో ఒక్క పిల్ల పురుగు కూడా కనబడలేదు. ఊపిరితిత్తుల్లోనే చిక్కి చస్తున్నాయి కనుక రక్తంలో దొరకవట. ఐజీఈ మాత్రం విపరీతంగా ఉంది. మల పరీక్ష కూడా చేయించారు. ఏలికపాముల, కొంకి పురుగుల పిల్లలు కూడా ఊపిరితిత్తుల మీదుగా పోతూ ఇలాంటి లెక్కలే చూపిస్తాయట. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఉన్నవాళ్ళకు, అది తెలియకుండా స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణం మీదికి వస్తుందని అప్పుడే విన్నాను. నా జబ్బు పేరు ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియా అని చీటీ మీద రాశారు.

ఆ నెలలోనే ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట మా వీధిలో రక్త నమూనాలు తీశారు. మా ఎదురింటి కుర్రవాడి రక్తంలో పిల్ల పురుగులు బయటపడ్డాయి. వాడికి దగ్గు లేదు, జ్వరం లేదు, సాయంత్రం కాగానే వాలీబాల్ ఆడతాడు. పురుగు అతని రోగనిరోధక శక్తిని జోకొట్టి పడుకోబెట్టిందని డాక్టరుగారు చెప్పారు. పురుగు సోకినవాళ్ళలో చాలామంది అలాగే ఉంటారట. నాలాగా ఒళ్ళు తిరగబడేవాళ్ళు బహు కొద్దిమంది. వాడు హాయిగా ఉన్నాడు, దోమ కుడితే వీధికి పంచుతున్నాడు. నేను ఎవరికీ పంచలేదు, నిద్రపోలేదు.

మందు డీఈసీ. రోజుకు మూడు, 21 రోజులు. చిన్న తెల్ల మాత్ర. బోదకాలు రాకుండా 2004 నుంచి ఏటా ఇంటింటికీ పంచుతూ వచ్చినదీ ఇదే. మిగిలిన ఊరివాళ్ళతోపాటు నేనూ సంతకం పెట్టి తీసుకునేవాణ్ణి. ‘కాలు బాగానే ఉందిగా’ అని గూట్లో పడేసేవాణ్ణి. ఒక్క ఏడాదీ మింగలేదు. ఆ మాట డాక్టరుగారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు, నా భార్యే చెప్పింది.

మామ్మ ఆ మాత్రను హెట్రజాన్ అంటుంది. ఆ పేరుతో దాన్ని 1947లో వెలుగులోకి తెచ్చిన అమెరికా ప్రయోగశాల లెడర్లేలో పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మా ఇంటికి గంట ప్రయాణంలో పుట్టిన మనిషి ఆ మరుసటి ఏడాదే అమెరికాలోనే కన్నుమూశారు. ఆ మందులో నన్ను కట్టిపడేసిన సంగతి ఇంకొకటి ఉంది. గాజు గొట్టంలో పురుగు మీద పోస్తే అది దాదాపు ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్ళాక, మన రక్షణ కణాల సాయంతోనే చంపుతుంది. నన్ను అన్నాళ్ళు పీడించిన ఆ కణాలే మందుకు తోడయ్యాయి.

మొదటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు, గజ్జల్లో బిళ్ళ కట్టింది. మాత్ర మానేస్తానన్నాను. “ఏమండీ, ఇన్నాళ్ళు ఓర్చుకున్నారు, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోలేరా” అంది నా భార్య. ఆరో రాత్రి మెలకువ వచ్చి చూస్తే గడియారంలో అయిదు. దగ్గడం మరిచిపోయి నిద్రపోయాను. పక్కన పాప ఉంది. ఎప్పుడు వచ్చి పడుకుందో తెలియదు.

నెల తరవాత ఈసినోఫిల్స్ 900. మూడు నెలలకు 420. గొట్టంలోకి ఊదే పరీక్షలో మాత్రం పూర్తి ఊపిరి రాలేదు. ముందే గుర్తించి ఉంటే ఇంత మిగిలేది కాదన్నారు. మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ తెలుస్తుంది. కొందరిలో ఇది తిరగబెడుతుందట, అందుకని ఆరు నెలలకోసారి కౌంటు చూపించుకుంటున్నాను.

చివరిసారి వెళ్ళినప్పుడు మామ్మ కాలు సంగతి అడిగాను. వాపు పూర్తిగా పోదన్నారు. ఆమెకు చలిజ్వరంతో పదే పదే కాలు ఎర్రబడేది మాత్రం చర్మం పగుళ్ళలోంచి దూరే బాక్టీరియా వల్ల అట. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తు మీద పెట్టమన్నారు. మిల్లు నుంచి రాగానే బకెట్టు నీళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. మొదటి రోజు మామ్మ కాలు వెనక్కి లాక్కుంది, చీర కప్పుకుంది. ఇప్పుడు నేను ఆలస్యం చేస్తే తనే బకెట్టు పక్కన కూర్చుని ఉంటుంది.