గాయం మీద దరఖాస్తు

నిన్న అనువాదాల ఏజెన్సీ నుంచి ఫైలొచ్చింది. అనువాదం కాదు, "దిద్దుబాటు". మెషీన్ చేసేసిందట, నేను ఊరికే ఓ చూపు చూడాలట. ఆ చూపుకి ఇచ్చేది పాత రేటులో మూడో వంతు.

పూతమందు డబ్బాలో పెట్టే కాగితం అది. "గాయంపై పలుచగా దరఖాస్తు చేయండి" అని ఉంది. ఇంగ్లిష్‌లో "అప్లై" అంటే పూయడమూ, దరఖాస్తు పెట్టడమూ కదా. అమ్మకి చదివి వినిపిస్తే, "ఏవిట్రా, పుండుకి కూడా అర్జీ పెట్టుకోవాలా?" అంది.

2011లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు వచ్చిన కొత్తలో ఇలాంటివి కోకొల్లలు. స్క్రీన్‌షాట్లు పంచుకుని పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు నాలుగు పేజీల్లో తప్పులు మూడే. మిగతాదంతా, ఒప్పుకోవాలి, శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతతోనే చిక్కు. బాగున్న వాక్యాల మధ్య తప్పు ఒదిగిపోతే కన్ను జారిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ దరఖాస్తు నాకూ కనబడలేదు.

కొన్నిచోట్ల తప్పు మెషీన్‌దీ కాదు. "అంకుల్" అంటే బాబాయా, మావయ్యా, పెదనాన్నా అన్నది ఇంగ్లిష్‌లోనే ఉండదు. మెషీన్ మాత్రం ఏం చేస్తుంది పాపం! నేనైతే పని ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి అడుగుతా.

పదేళ్లుగా మేం దిద్ది పంపినవన్నీ ఏజెన్సీ సర్వర్లలోనే ఉన్నాయి. వాటిని ఏ మెషీన్ చదువుకుందో ఎవరికెరుక! రేటు గురించి మెయిల్ పెట్టా. జవాబు రాలేదు. ఇంకో ఫైలు మాత్రం వచ్చింది.