ఒత్తు కోసం హైదరాబాదు

నా ఎడమ ముంజేతి మీద ఇరవై రెండేళ్ళుగా ఒక అచ్చుతప్పు ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఐనవోలు మల్లన్న జాతరకు పోయి, కొబ్బరికాయల దుకాణాల పక్కన చాప పరుచుకుని కూర్చున్న పచ్చబొట్లాయన ముందు చెయ్యి చాపాను. 'అమ్మ' అని రాయమన్నాను. ఆయన బ్యాటరీ మిషనుతో 'అమ' అని రాసి, మురికి గుడ్డతో తుడిచి, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. "ఒత్తేది?" అంటే "ఎండినంక కనబడుతది" అన్నాడు. ఇంకా కనబడలేదు.

హనుమకొండలో నాది పెళ్ళికార్డులు, ఫ్లెక్సీల షాపు. కార్డులో ఒక్క దీర్ఘం పోయినా పెళ్ళివాళ్ళు కట్టలకు కట్టలు తెచ్చి మొహాన కొడతారు. అట్లాంటివాడి చేతిమీదే తప్పుంటే షాపుకొచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలతోనే గడిపాను.

హైదరాబాదులో టాటూ కన్వెన్షన్ ఉందని మా అక్క కొడుకు సాయి చెప్పాడు. దేశం నలుమూలల నుంచి టాటూవాళ్ళు వచ్చి, ఒకే హాల్లో స్టాళ్ళు పెట్టి, అక్కడికక్కడే వేస్తారట. "నీ ఒత్తు కూడా పెట్టిస్తరు మామా" అన్నాడు. వాడి ఆరాటం వేరే. జబ్బ మీద పులి బొమ్మ కావాలి. వాడేమో ఆర్మీ సెలక్షన్లకు తయారవుతున్నాడు. ఆర్మీలో శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక వైపు మాత్రమే ఉండాలి. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు సడలింపు ఉంది. మాకు లేదు. జబ్బ మీద పులి దిగిందంటే వాడి పరుగులూ దండీలూ అన్నీ గంగలో కలిసినట్టే. అందుకే కాపలాగా నేను కూడా పోవాల్సి వచ్చింది. అక్కకు అట్లాగే చెప్పాను.

పోయే ముందు రెండు పనులు చేశాను. పచ్చబొట్టు పొడిపించుకుంటే ఏడాది దాకా రక్తం తీసుకోరు కాబట్టి ముందు వారమే పోయి ఒక యూనిట్ ఇచ్చి వచ్చాను. రెండోది, 'అమ్మ' అని మా షాపు కంప్యూటర్లో నాలుగు ఫాంట్లలో కొట్టి, ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. ఈ రెండోది చేయకపోయి ఉంటే ఏమయ్యేదో తర్వాత తెలిసింది.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కాం. సికింద్రాబాదులో దిగి, ఇడ్లీ తిని, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో పట్టుకున్నాం. అదే రైలు రాయదుర్గం దాకా పోతుంది, ఎక్కడా మారనక్కర్లేదు. అమీర్‌పేటలో సగం రైలు దిగి, అంతకు రెండింతల మంది ఎక్కారు. పెద్దమ్మ గుడి స్టేషన్ పేరు వినబడగానే సాయి దండం పెట్టుకున్నాడు. పులి కోసమో, సెలక్షన్ కోసమో నేను అడగలేదు. చివరి స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుంటే డ్రైవరు నా వంకా వాడి వంకా చూసి, "టాటూల కాడికా? పొద్దుగాల సంది అందరూ ఆడికే" అన్నాడు.

హాలు బయటికే చప్పుడు వినబడుతోంది. తేనెతుట్టెను కదిపినట్టు ఒకటే జుయ్యిమని. లోపలికి పోతే దాని మీద స్పీకర్ల పాటలు. మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి. ఏసీ మాత్రం చలి పుట్టేంత ఉంది. చొక్కాలు విప్పి బల్లల మీద బోర్లా పడుకున్నవాళ్ళను చూస్తే జాలేసింది. డెటాల్ లాంటి సబ్బు వాసన, దానిలో కలిసిన పాప్‌కార్న్ వాసన. ఆడవాళ్ళు తక్కువ ఉంటారనుకున్నాను. సగానికి సగం వాళ్ళే. ఒకమ్మాయి వీపు నిండా నెమలి వేయించుకుంటూ, ఫోను నేల మీద పెట్టుకుని సీరియల్ చూస్తోంది. మేం పదకొండింటికి పోయినప్పుడు నెమలికి మెడ ఉంది. మూడింటికి చూస్తే తోక మొదలైంది. ఆ పిల్ల మొహంలో మాత్రం మార్పు లేదు. నేను సూది చూస్తేనే అటు తిరుగుతాను.

వీళ్ళ సంత పద్ధతి పట్టుబడటానికి గంట పట్టింది. పేరున్నవాళ్ళ దగ్గర నెలల ముందే అడ్వాన్సు కట్టి టైము తీసుకుని ఉంటారు. వాళ్ళు మనతో మాట్లాడరు, వంచిన తల ఎత్తరు. అప్పటికప్పుడు వచ్చినవాళ్ళను వాకిన్ అంటారు. వాళ్ళ కోసం కొందరు ముందే గీసిన చిన్న చిన్న బొమ్మల షీట్లు అంటించి పెడతారు, దాన్ని ఫ్లాష్ అంటారు. మా షాపులో పెళ్ళికార్డుల ఆల్బమ్ లాంటిదే. అందులోంచి ఒకటి ఎంచుకుంటే పని త్వరగా అయిపోతుంది. మన సొంత బొమ్మ కావాలంటే తిరగాలి, అడగాలి, ఎదురుచూడాలి. మధ్యాహ్నం లోపు అడిగినవాళ్ళకే దొరికింది. సాయంత్రానికి ఎవరి చెయ్యీ ఖాళీ లేదు.

మొదట అడిగినతను ముంబై నుంచి వచ్చాడు. మంచి మర్యాదస్తుడు. నా చెయ్యి చూసి, ఐదు నిమిషాల్లో చేసేస్తానని ట్యాబులో గీసి చూపించాడు. 'మ' కింద ఒక అందమైన తోక. అది మ ఒత్తు కాదు, ర ఒత్తు. 'అమ్ర' అయ్యేది నా బతుకు. జేబులో కాగితం తీసి చూపిస్తే, ఆయనకు రెండింటికీ తేడానే కనబడలేదు. ఆయన తప్పేం లేదు, నాకు గుజరాతీ చూపిస్తే నేనూ అంతే. కానీ పచ్చబొట్టులో ప్రూఫు చూడటం మన పనే. ముందు స్టెన్సిల్ అని ఊదారంగు అచ్చు ఒంటికి అంటిస్తారు. నచ్చకపోతే తుడిచి ఎన్నిసార్లయినా మళ్ళీ అంటిస్తారు. సూది దిగేదాకా మొహమాటపడొద్దు.

సాయి నన్ను లాక్కుపోయి పులులు చూపించాడు. నిజంగానే బాగున్నాయి, మీసాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇంకో వైపు పసిఫిక్ సముద్రంలోని పాలినీషియా దీవుల పద్ధతిలో చేతికి చుట్టినట్టు వేసే పట్టీలు. టాటూ అనే మాట పుట్టింది అక్కడే. వాళ్ళు 'తతావ్' అనేదాన్ని 1769లో అక్కడి తాహితీ దీవికి పోయిన ఇంగ్లిషు నావికుడు కెప్టెన్ కుక్ మనుషులు ఇంగ్లిషులోకి మోసుకొచ్చారు. జపాన్ చేపలు, గుండ్రటి ముగ్గుల్లాంటి మండలాలు, చుక్కలతోనే వేసిన గణపతులు కూడా ఉన్నాయి. సాయంత్రం పోటీలు జరుగుతాయి. ఆ రోజు వేసిన బొమ్మలతో ఒంటినే వేదిక ఎక్కిస్తారు, జడ్జీలు టార్చిలైటు పట్టుకుని దగ్గరగా వంగి చూస్తారు. అచ్చం మా ఊరి పశువుల సంతలో పళ్ళు చూసినట్టే ఉంది. ఫోటోలు తీసేముందు మాత్రం అడగాలి. ఒకతను ఒకామె వీపును అడక్కుండా తీస్తే చీవాట్లు తిన్నాడు. వీపు ఆమెది కదా.

ఆఖరికి ఒక మూల స్టాల్లో పని దొరికింది. కరీంనగర్ అమ్మాయి, హైదరాబాదులోనే స్టూడియోలో చేస్తుందట. నా చెయ్యి చూడగానే "అన్నా, మ ఒత్తు ఏడబోయింది?" అంది. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ వెంటనే సూది పట్టలేదు. బల్లదీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. తోలు కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో ఇంకు ఉండాలట. అంతకంటే పైనుంటే రాలిపోతుంది, లోతుకు పోతే నూనె మరకలా పాకుతుంది. జాతరాయన లోతుకే పొడిచాడు. అందుకే నా అక్షరాల గీతలు బొద్దుగా పాకి ఉన్నాయి. సన్నగా ఒత్తు పెడితే పక్కింటి అక్షరంలా ఉంటుంది, కాబట్టి లావుగానే పెట్టాలంది. "ఒకే సూది ఎంతమందికి గుచ్చిండో అన్నా, హెపటైటిస్ టెస్టు చేయించుకున్నవా?" అని కూడా అడిగింది. రక్తం ఇచ్చేటప్పుడు పరీక్షలన్నీ అవుతాయని చెబితే స్థిమితపడింది.

రేటు వినగానే నేను స్థిమితం కోల్పోయాను. వేలి గోరంత ఒత్తుకు రెండు వేలు. తగ్గించమంటే కోపం తెచ్చుకోకుండా, ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. నా కళ్ళముందే చింపిన సూది ప్యాకెట్, దాని మీద గడువు తేదీ. నల్ల గ్లౌజులు. ఇంకు పోసుకునే బొటనవేలంత కప్పు. బల్లకూ మిషనుకూ చుట్టిన ప్లాస్టిక్. పని కాగానే ఇవన్నీ చెత్తబుట్టకే. ఒత్తు చిన్నదైనా, పులి పెద్దదైనా ఈ ఖర్చు ఒకటే. మా షాపులో ఒక్క కార్డు ప్రింటు వేయమని వచ్చేవాళ్ళకు నేను చెప్పే లెక్కే ఇది. నోరు మూసుకుని చెయ్యి చాపాను.

"తిన్నవా అన్నా?" అని అడిగింది. అప్పుడే పక్క స్టాల్లో ఒక కుర్రాడు కళ్ళు తేలేశాడు. ఉదయం నుంచి ఏమీ తినలేదట. నీళ్ళు, చాక్లెట్ ఇచ్చి, కాళ్ళు పైకెత్తి పడుకోబెట్టారు. నాది ఇడ్లీల కడుపే అయినా, సాయిని పంపి బిర్యానీ తెప్పించుకుని తిన్నాకే కూర్చున్నాను.

నొప్పి గురించి అడిగేవాళ్ళకు చెబుతున్నా. ఎండకు కమిలిన చోట పిల్లి గోకినట్టుంటుంది. మణికట్టు వైపు పోయేకొద్దీ ఎక్కువ. పావుగంటలో అయిపోయింది. ధ్యాస మళ్ళించడానికి మిషను సంగతి అడిగాను. ఆమె చెప్పింది విని నిజంగా నొప్పి మర్చిపోయాను. 1875లో ఎడిసన్ కాగితానికి సన్నటి బెజ్జాలు పొడిచి, వాటిలోంచి ఇంకు దింపి కాపీలు తీయడానికి కరెంటు పెన్ను ఒకటి చేశాడు. 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన ఆ పద్ధతిలోనే పచ్చబొట్టు మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. అంటే ఇది మొదట మా ప్రింటింగువాళ్ళ మిషనే. ఇన్నేళ్ళు తెలియక దూరంగా తిరిగాను.

ఒత్తు దిగింది. తుడిచాక చూసుకుంటే, కొత్త ఒత్తు బొగ్గులా నల్లగా, పాత 'అమ' ఆకుపచ్చగా. రెండింటిలోనూ ఇంకు నలుపేనట. పైనున్న చర్మం లామినేషన్ ఫిల్మ్ లాంటిది, ఏళ్ళు గడిచేకొద్దీ దానిలోంచి నలుపు పచ్చగా కనబడుతుంది. కావాలంటే పాతదాని మీద కూడా నలుపు దిద్దుతానంది. వద్దన్నాను. పైన పల్చటి ప్లాస్టర్ అంటించింది. రెండు మూడు వారాలు ఈత, ఎండ వద్దు, చెక్కు రాలేటప్పుడు గోకొద్దు అని చెప్పింది.

సాయి ఈలోగా ఫ్లాష్ షీట్లో చిన్న పులి అడుగు ఒకటి చూసుకుని, ముంజేతి లోపలికి పట్టేది, ఆర్మీ రూలుకు సరిపోయేది అని బేరం మొదలుపెట్టాడు. సెలక్షన్ అయ్యాక నేనే డబ్బులిస్తానని ఒట్టు పెట్టి, చొక్కా పట్టుకుని బయటికి తెచ్చాను. కాజీపేట దాకా నాతో మాట్లాడలేదు.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. అమ్మ మేలుకునే ఉంది. ఆమె ముంజేతి మీద తులసికోట, మణికట్టు దగ్గర తేలు, గదవ మీద చుక్క. పెళ్ళికి ముందు ఊళ్ళోకొచ్చిన ఎరుకలామె దీపం మసిని ఆకు పసరులో కలిపి పొడిచిందని చెబుతుంటుంది. చచ్చినంక వెంట వచ్చేది ఇదొక్కటే అని ఆ కాలంవాళ్ళ నమ్మకం. అద్దాలు పెట్టుకుని నా చెయ్యి లైటు కిందికి లాక్కుంది. చదువు రాదు గానీ, రంగు తేడా పట్టేసింది.

"గీ తోక నల్లగుందేందిరా?"

"ఒత్తమ్మా. ఇన్నేండ్లు లేకుండె."

"ఎంత తీసుకున్నరు?"

పదో వంతు చెప్పాను. "రెండొందలు."

"రెండొందలా!" అని నా చెయ్యి వదిలేసింది. "సోలెడు జొన్నలేస్తే మోచేతి దాక పొడిచింది మాకు ఎరుకలామె."